కోట లోపల అమ్మ ఊరు

మా అమ్మను ఎవరైనా ‘మీ పుట్టిల్లు ఎక్కడ?’ అని అడిగితే వరంగల్ అని చెప్పదు. ‘కోట’ అంటుంది. అంతే! వినేవాళ్లకు అర్థంకాదు. ‘ఏ కోట?’ అంటారు. ‘ఏ కోటేంది, కోటనే’ అంటుంది అమ్మ. ఆమె దృష్టిలో లోకంలో ఉన్నది ఒక్కటే కోట. దానికి నాలుగు దర్వాజలు. నడుమ నాలుగు తోరణాలు. పడమటి వైపు ఒక గూనపెంకుల ఇల్లు.

ఆ ఇంట్లో ఇప్పుడు మా చిన్నమామ ఉంటున్నాడు. ‘అక్కా, ఇల్లు ఇప్పుతున్నం. ఉన్నది ఉన్నట్టు చూడాలనుకుంటే ఒకపారి వచ్చిపో’ అని ఫోన్ చేశాడు. డెబ్భై రెండేళ్ల అమ్మ ఆ రాత్రే సంచి సర్దేసింది. ఆదివారం పొద్దున్నే అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలతో సికింద్రాబాద్‌లో రైలెక్కాం. కాజీపేట దాటగానే అమ్మ లేచి తలుపు దగ్గరికి నడిచింది. ‘ఇంకా స్టేషన్ రాలేదు నానమ్మా’ అని పిల్లలు అంటున్నా వినలేదు.

వరంగల్ స్టేషన్ నుంచి కోట రెండు మూడు కిలోమీటర్లే. ఆటో ఎక్కితే పావుగంట. ఊరి ఇళ్లు, దుకాణాలు, కరెంటు స్తంభాల మధ్య నుంచి పోతుంటే కోట వస్తోందన్న సూచనే ఉండదు. ఉన్నట్టుండి ఎడమా కుడీ తుమ్మచెట్లు మొలిచిన మట్టిదిబ్బ ఒకటి కనిపిస్తుంది. మావాడు దాన్ని చెరువు కట్ట అనుకున్నాడు. ‘చెరువు కట్ట కాదురా, అదే మట్టికోట’ అంది అమ్మ. అక్కణ్నుంచి పచ్చటి పొలాలు. పత్తి, మక్క, ఎర్రగా ఆరబోసిన మిర్చి. పొలాల అవతల నల్లటి రాతిగోడ. కోట లోపల పొలాలేమిటని పిల్లలకు ఆశ్చర్యం. రాజుల కోటంటే సినిమాల్లో చూసినట్టు మేడలూ బురుజులే ఉంటాయనుకున్నారు పాపం!

రెండు మలుపుల దర్వాజ

పడమటి దర్వాజ దగ్గర ఆటో వేగం తగ్గింది. డ్రైవర్ గట్టిగా హారన్ కొట్టాడు. ఎందుకో ఆ మలుపు తిరిగాక తెలిసింది. దారి నేరుగా లోపలికి పోదు. ముందు ఒక ద్వారం, దాన్ని దాటగానే ఎదురుగా గోడ. పక్కకు తిరగాలి. చుట్టూ ఎత్తయిన గోడలు, పైన ఆకాశం. బావిలో నిలబడ్డట్టు ఉంటుంది. మళ్లీ ఇంకో మలుపు తిరిగితేగానీ ఊళ్లోకి రాలేం. ఎదురుగా ట్రాక్టర్ వచ్చిందంటే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే.

ఎనిమిది వందల ఏళ్ల కిందట కావాలనే ఇలా కట్టారు. ఆ రోజుల్లో కోట తలుపులు బద్దలుకొట్టేది ఏనుగులు. ఏనుగు బలమంతా దాని పరుగులో ఉంటుంది. దారి తిన్నగా ఉంటే పరిగెత్తుకొచ్చి ఢీకొడుతుంది. మలుపు పెడితే ఆగి, తిరగాలి. ఆ ఆగిన చోట మూడు వైపుల గోడల మీదా విలుకాళ్లు సిద్ధంగా ఉంటారు. శత్రువు లోపలికి వచ్చాననుకుంటాడు. నిజానికి బోనులో పడ్డట్టే.

నాలుగు దిక్కులా ఇలాంటి దర్వాజలు నాలుగున్నాయి. కాకతీయుల తర్వాత వచ్చిన సుల్తానుల కాలంలో వీటికి చేర్పులు జరిగాయి. అందుకే దర్వాజ గోడల్లో అక్కడక్కడా పాత గుళ్ల రాళ్లు కనిపిస్తాయి. ఒకచోట హంస, ఇంకోచోట సగం విరిగిన స్తంభం. ‘ఇక్కడ ఎక్కాల్సింది కాదు, ఎక్కడిదో తెచ్చి పెట్టారు’ అని మా అమ్మాయి కూడా పోల్చుకోగలిగింది.

మూడు చుట్ల ఊరు

మధ్యాహ్నం దాకా ఎండ లేదు. మామ మమ్మల్ని గోడ ఎక్కించాడు. రాతికోట లోపలి వైపు పొడవునా మెట్లున్నాయి. ఏదో ఒకచోట మెట్ల దారి ఉండటం కాదు, గోడ వెంట సాగుతూనే ఉంటాయి. యుద్ధభేరి మోగితే ఎక్కడున్న సైనికుడు అక్కణ్నుంచే పైకి పరిగెత్తడానికి. మావాడు నాలుగు మెట్లు ఒక్క ఊపులో ఎక్కేసి ‘నేను రెడీ’ అన్నాడు.

పైనుంచి చూస్తే ఓరుగల్లు ఆకారం కళ్లకు కడుతుంది. ఇది గుండ్రటి ఊరు. రాతికోట వ్యాసం దాదాపు 1.2 కిలోమీటర్లు. దానికి 45 బురుజులు. పెద్ద పెద్ద నల్లరాతి దిమ్మెలను సున్నం పెట్టకుండానే ఒకదాని మీద ఒకటి పేర్చారు. వాటి బరువే వాటికి కట్టు. దాని చుట్టూ కందకం. కందకం అవతల పొలాలు. ఆ పైన దాదాపు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట, దానికీ కందకం. ఇంకా చాలా దూరాన హనుమకొండను కూడా కలుపుకొంటూ మరో మట్టిగోడ ఉండేది. కోట మధ్యలో ఒకే రాయిలా లేచిన గుట్ట ఉంది కదా... ఆ ఒంటిరాయి వల్లే ‘ఓరుగల్లు’ పేరు వచ్చిందంటారు. సంస్కృతంలో ఏకశిలానగరం.

కాకతీయుల తొలి రాజధాని హనుమకొండ. అక్కడి వేయిస్తంభాల గుడిని 1163లో కట్టించిన రుద్రదేవుడి కాలంలోనే ఓరుగల్లు మీద చూపు పడింది. 1199లో గద్దెనెక్కిన గణపతిదేవుడు ఇక్కడ రాజధానిని నిలబెట్టాడు. ఆయనకు కొడుకులు లేరు. కూతురు రుద్రమను ‘రుద్రదేవ మహారాజు’ పేరుతో సింహాసనం మీద కూర్చోబెట్టాడు. తండ్రి కట్టిన రాతిగోడ ఎత్తు పెంచి కోటను పూర్తిచేసింది ఆమేనని చరిత్ర చెబుతోంది. మా అమ్మాయి గోడ మీద చెయ్యేసి ‘ఇది రుద్రమ పెంచిన భాగమా, వాళ్ల నాన్న కట్టిందా?’ అని అడిగింది. నేను నీళ్లు నమిలాను. మామ మాత్రం తడుముకోలేదు. ‘కింద నాయనది, మీద బిడ్డది. ఇండ్లన్నీ గట్లనే గద!’ అన్నాడు.

మట్టి గెలిచిన రోజు

రాతికోట ఉండగా మట్టికోట ఎందుకు? పిల్లల ప్రశ్నే కాదు, నాకూ చిన్నప్పటి నుంచీ ఉన్న సందేహం. జవాబు శత్రువుల పక్షాన ఉన్న కవే రాసిపెట్టాడు. అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ 1310లో ఓరుగల్లును ముట్టడించాడు. ఆ దండయాత్ర గురించి ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో పారశీకంలో రాస్తూ, ఈ మట్టిగోడలో ఉక్కు ఈటె కూడా దిగదని, యంత్రాలతో విసిరిన రాళ్లు దానికి తగిలి బంతుల్లా వెనక్కి వస్తాయని ఆశ్చర్యపోయాడు. రాతిగోడకు పెద్ద బండ తగిలితే పగులుతుంది. మట్టి ఆ దెబ్బను మింగేస్తుంది. పైగా కందకం తవ్విన మట్టే గోడకు పనికొచ్చింది. ఒక్క పనితో రెండు రక్షణలు!

ఆ ముట్టడిలో చివరికి మట్టికోట చేజారింది. ప్రతాపరుద్రుడు ధనం, ఏనుగులు, గుర్రాలు ఇచ్చి సంధి చేసుకున్నాడు. తర్వాత ఢిల్లీ సింహాసనం తుగ్లక్‌లకు దక్కింది. యువరాజు ఉలుగ్ ఖాన్ ముట్టడి మొదటిసారి ఫలించలేదు. దేవగిరి దాకా వెనక్కిపోయి, మళ్లీ పెద్ద సైన్యంతో వచ్చాడు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. ప్రతాపరుద్రుణ్ని బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుంటే నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడు. ఊరి పేరు కూడా సుల్తాన్‌పూర్‌గా మారింది. ఆ ఉలుగ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్. అయినా ఆ పేరు నిలవలేదు. పదిహేనేళ్లు తిరక్కుండానే ముసునూరి కాపయ నాయకుడు కోటను మళ్లీ చేజిక్కించుకున్నాడు.

ఇదంతా గోడ మీద కూర్చుని పిల్లలకు చెబుతుంటే కింద మిర్చి చేన్లో కూలి ఆడవాళ్లు కాయలు ఏరుతున్నారు. మట్టికోటకూ రాతికోటకూ మధ్యనున్న ఆ నేల మీద ఎన్ని సైన్యాలు దిగి ఉంటాయో! ఇప్పుడు అక్కడ వినిపించేది మోటారు చప్పుడు, ఎవరిదో సెల్‌ఫోన్ పాట.

గుడి లేని నాలుగు వాకిళ్లు

కోట నడిబొడ్డున తోరణాలున్నాయి. టికెట్టు తీసుకుని లోపలికి వెళ్లాలి. నాలుగు దిక్కులా నాలుగు, ఒక్కోటి దాదాపు పది మీటర్ల ఎత్తు. రెండు స్తంభాలు, వాటి మీద అడ్డంగా బరువైన దూలం, ఆ చివరా ఈ చివరా హంసలు, తామర మొగ్గలు, వేలాడే పూలదండలు. అన్నీ రాతివే. వీటిని కీర్తితోరణాలనీ హంసతోరణాలనీ అంటారు. 2014లో ఏర్పడ్డ తెలంగాణ రాష్ట్రం తన అధికార చిహ్నంలో ఈ తోరణాన్ని పెట్టుకుంది. ‘మా పుస్తకాల మీద ఉండేది ఇదేనా!’ అని పిల్లలు ఎగిరి గంతేశారు.

అయితే ఇవి ఊరి ద్వారాలు కావు. మధ్యలో ఉండిన స్వయంభూ శివాలయానికి వాకిళ్లు. గుడి మాత్రం లేదు. నేలంతా పరిచినట్టు విరిగిన స్తంభాలు, కప్పు రాళ్లు, నందులు. ఎవరో పెద్ద పజిల్‌ను విప్పి వదిలేసినట్టుంది. ఆ గుడిలోని నాలుగు ముఖాల లింగం పక్కనే ఉన్న శంభుని గుడిలో ఇప్పటికీ పూజలందుకుంటోంది. అమ్మ ముందు అక్కడికే నడిచింది.

గుడి పోయి వాకిళ్లు ఎలా మిగిలాయి? తోరణాల మీద దేవుడి బొమ్మలు లేవు కనుక వదిలేశారని చెబుతారు. కారణం ఏదైనా, వాటి అందం తర్వాతి వాళ్లకూ నచ్చింది. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కన నాలుగు దిక్కులా నాలుగు కమాన్లున్నాయి కదా, ఆ చార్‌కమాన్ ఆలోచనకు ఈ నాలుగు తోరణాలే ప్రేరణ అంటారు కొందరు చరిత్రకారులు. అంటే రోజూ చార్‌కమాన్ కింద నుంచి స్కూటర్ మీద పోయేవాళ్లు ఓరుగల్లు నీడలోంచి పోతున్నట్టే!

పక్కనే ఖుష్‌మహల్. వాలుగోడలు, లోపల ఎత్తయిన కమాన్లు, హాలు మధ్యలో నీటి తొట్టి. ఊళ్లోవాళ్లు షితాబ్ ఖాన్ కట్టించాడంటారు. పదహారో శతాబ్దం మొదట్లో వరంగల్‌ను ఏలిన సీతాపతిరాజే ఆ షితాబ్ ఖాన్. కట్టడం తీరును బట్టి ఇది అంతకంటే పాతది, తుగ్లక్‌ల నాటిదంటారు పండితులు. కోటలో దొరికిన శిల్పాలు కొన్నింటిని ఇందులో ఉంచారు.

కవి చూపించిన వీధులు

రాజుల సంగతి సరే, మామూలు జనం ఎలా బతికారు? దానికీ తెలుగులో ఒక పుస్తకం ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న ‘క్రీడాభిరామం’. రాసింది శ్రీనాథుడేనని వాదించేవాళ్లూ ఉన్నారు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు పొద్దున్నుంచి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. కథంతా అదే. సంతలు చూస్తారు, పల్నాటి వీరుల కథ పాడేవాళ్ల దగ్గర నిలబడతారు, కోడిపందేలు, పొట్టేళ్ల పోట్లాట చూస్తారు. ఆకలేస్తే పూటకూళ్ల ఇంట్లో ఒక రూకకు కమ్మటి భోజనం చేస్తారు. ఇంచుమించు మన ఆదివారం షికారే!

మేమూ అలాగే తిరిగాం. తూర్పుకోట, మధ్యకోట, పడమరకోట... ఇప్పటికీ వాడల పేర్లు ఇవే. అక్కాచెల్లెళ్ల బావిలోకి తొంగిచూశాం. వీధి అరుగు మీద ముసలవ్వ ఒకామె అమ్మను ఎగాదిగా చూసి ‘నువ్వు ఫలానోళ్ల బిడ్డవు గదా!’ అని పోల్చుకుంది. ఇక ఇద్దరూ అక్కడే కూలబడ్డారు. అరగంట దాకా చరిత్ర పుస్తకాల్లో లేని చరిత్రంతా నడిచింది. మాకు పూటకూళ్ల ఇల్లు వెతుక్కునే పని లేకుండా అత్తమ్మ జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, కోడికూర సిద్ధం చేసింది.

రాయీ ఉండాలె, మనిషీ ఉండాలె

భోజనాలయ్యాక మామ ఇంటి సంగతి ఎత్తాడు. దూలాలకు చెదలు పట్టింది. వానొస్తే నాలుగు చోట్ల కురుస్తోంది. విప్పి స్లాబు వేద్దామని ఆయన కోరిక. కానీ కోటలో ఇల్లు కట్టడం బయట కట్టినట్టు కాదు. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణం చేయకూడదని, ఆ తర్వాత రెండు వందల మీటర్ల వరకు అనుమతి ఉంటేనే కట్టాలని 2010లో సవరించిన చట్టం చెబుతోంది. పాత ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతి కావాలి.

‘మరమ్మతుకు అర్జీ పెట్టిన. అది వస్తే పెంకులు, దూలాలు ఇప్పి మళ్ల ఎక్కిస్త. స్లాబు ఆశ ఇడిసిపెట్టుకున్న’ అన్నాడు మామ. మా బావమరిది ఊరుకోలేదు. ‘రాళ్లకున్న విలువ మనుషులకు లేకపాయె! రేపు నా పిల్లలకు అర్ర కావాలంటే ఏడ గట్టాలె?’ అన్నాడు. అతని మాటలో న్యాయం లేదనలేం. ఎనిమిది వందల ఏళ్లుగా ఆ గోడల మధ్య మనుషులు ఉండబట్టే అది ఇంకా ఊరు. వాళ్లు వెళ్లిపోతే మిగిలేది టికెట్టు పెట్టి చూసే రాళ్లే.

కానీ రెండో వైపూ చూశాం. పొద్దున గోడ మీద నడిచినప్పుడు మట్టికోట అక్కడక్కడా కోసుకుపోయి కనిపించింది. రాయిని పగలగొట్టాలంటే కష్టం, ఎవరైనా చూస్తారు. మట్టిదేముంది? నాలుగు పారలు ఎత్తితే అడిగేవాళ్లుండరు. ఖుస్రో కాలంలో ఉక్కు ఈటె దిగని గోడ కొన్నిచోట్ల పారకు లొంగిపోయింది. ఆ గోడ ఎందుకు గొప్పదో తెలియకపోతే మావాడిలాగే అందరికీ అది ఉట్టి కట్టే.

ఇద్దరి మాటలూ విన్న అమ్మ మెల్లగా అంది. ‘చిన్నప్పుడు మా నాయిన, కోట రాయి మీద కాలు పెట్టి ఎక్కితే తిట్టేటోడు. అది మనది కాదు, మనకు కావలి పెట్టిండ్రు అనేటోడు. రాయీ ఉండాలె, మనిషీ ఉండాలె. సర్కారోళ్లు మన బాధ ఇనాలె, మనం గోడ జోలికి పోవద్దు.’ బావమరిది ఇంకేం మాట్లాడలేదు. ఒప్పుకున్నాడో, మేనత్త ముందు ఎందుకులే అనుకున్నాడో తెలియదు.

సాయంత్రం తూర్పు దర్వాజ దాకా నడిచాం. అమ్మ కోరిక అది. పదిహేడేళ్లప్పుడు పెళ్లయి, ఎడ్లబండి మీద ఆమె అత్తారింటికి వెళ్లింది ఈ దర్వాజ నుంచే. ‘గా రెండో మలుపు కాడ ఎడ్లు మొరాయించినయి. బండి కదల్లే. నాకు మా లావు సంబురమైంది, ఇగ పోవుడు తప్పిందని’ అని నవ్వింది. వాళ్లమ్మ మొదటి ద్వారం దగ్గరే ఆగిపోయిందట. మలుపు తిరిగాక వెనక్కి చూస్తే గోడే తప్ప తల్లి కనిపించలేదట. ఏనుగుల కోసం పెట్టిన మలుపు, ఆ రోజు ఓ పెళ్లికూతురికి అడ్డమొచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు మామ పడమటి దర్వాజ దాకా వచ్చాడు. ‘ఇల్లు అయినంక మళ్ల రా అక్కా’ అన్నాడు. ‘పెంకులే ఎక్కియ్యి, చల్లగుంటది’ అంది అమ్మ. ఆటో హారన్ కొడుతూ మలుపు తిరిగింది. పిల్లలు వెనక్కి తిరిగి చేతులు ఊపుతూనే ఉన్నారు. అమ్మ మాత్రం వెనక్కి చూడలేదు. ఆ మలుపు తర్వాత గోడే కనిపిస్తుందని ఆమెకు తెలుసు.

చూడాలంటే...

హైదరాబాద్ నుంచి వరంగల్ సుమారు 150 కిలోమీటర్లు. రైళ్లు, బస్సులు విరివిగా ఉన్నాయి. వరంగల్ స్టేషన్ నుంచి ఖిలా వరంగల్‌కు ఆటోలు దొరుకుతాయి. తోరణాలు, ఖుష్‌మహల్, శంభుని గుడి పక్కపక్కనే ఉంటాయి. చాలామంది వాటిని చూసి వెనుదిరుగుతారు. కనీసం ఒక దర్వాజ దగ్గరైనా దిగి, రెండు మలుపులూ నడిచి చూడండి. గోడ ఎక్కాలంటే పొద్దునగానీ సాయంత్రంగానీ మంచిది. చలికాలం అనువైన సమయం. నీళ్ల సీసా, టోపీ మరవద్దు. హనుమకొండలోని వేయిస్తంభాల గుడి, భద్రకాళి ఆలయం అదే రోజు చూడొచ్చు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప గుడికి మాత్రం ఇంకో రోజు కేటాయించుకోవాలి. గోడల మధ్య ఉన్నవి ఇళ్లు, పొలాలు. చేన్ల మధ్య నుంచి నడిచేటప్పుడు ఒక మాట అడిగి నడిస్తే బాగుంటుంది. అడిగితే కోటవాళ్లు దారి చూపించడమే కాదు, కథలు కూడా చెబుతారు.